పేజీలో పదహారు అంగుళాలు

కాఫీ దిగకముందే మా కొట్లో ఫోను మోగేది. ఎవరా అని చూడక్కర్లేదు. వెండెల్.

"మిల్లీ, మంచు ఎంతుంది?"

"నిన్న ఎంతుందో అంతే ఉంది."

"అంటే ఎంత?"

"పదహారు అంగుళాలు, వెండెల్. ట్రక్కులు వెళ్లొచ్చు."

"ఆర్డెన్ కొలిచాడా, నువ్వే చెప్తున్నావా?"

"ఆర్డెనే కొలిచాడు. నేనేమన్నా గోళ్లతో తవ్వి చెప్తున్నానా?"

అక్కడితో పెట్టేస్తాడా? పెట్టేయడు. గాలి ఎటునుంచి వీస్తోందో చెప్తాడు. నిన్న వాలై చేప ఎర దాకా వచ్చి ఎలా మొహం తిప్పుకుపోయిందో చెప్తాడు. తన కుక్క ఏం తిన్నదో, తిన్నది ఎక్కడ కక్కిందో చెప్తాడు. ఈలోపు కొట్లో ఇద్దరు ఎరచేపల కోసం నిలబడి ఉంటారు, తొట్టిలో గాలి పంపు గురక పెడుతుంటుంది, నా కుడిచెయ్యి చన్నీళ్లలో వల పట్టుకుని కొంకర్లు పోతుంటుంది.

ఓల్సెట్ సరస్సు దక్షిణపు ఒడ్డున మాది ఎరల కొట్టు. చలికాలమంతా నా భర్త ఆర్డెన్ పొద్దున్నే మంచు తొలిచే బరమా భుజాన వేసుకుని, గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్తాడు. మేం చదును చేసి ఉంచే బండ్ల దారి వెంట చిల్లులు వేసి మందం కొలుస్తాడు. అతను తెచ్చిన అంకెను నేను మా వెబ్‌సైటులో పెడతాను. ఆ అంకెను నమ్మి మనుషులు తమ ట్రక్కుల్నీ, మనవల్నీ, కుక్కల్నీ లోతైన నీళ్ల మీదికి తోలుకెళ్తారు. మా కొట్టుకంటూ ఒక పేరుంటే అది చేపల వల్ల రాలేదు, ఆ అంకె వల్ల వచ్చింది.

వెబ్‌సైటుది మాత్రం నత్తనడక. నొక్కితే చక్రం తిరుగుతూనే ఉండేది. సరస్సు మీద సిగ్నలు అంతంతమాత్రం. అందుకని అందరూ ఫోనే చేసేవారు, అందరికంటే ముందు వెండెల్.

"నీ పేజీ తెరుచుకునేలోపు చేప గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లు కూడా చేసేస్తుంది మిల్లీ" అనేవాడు.

ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఉద్యోగమంతా పాల లారీ తోలాడు. ఉత్తరపు ఒడ్డున ఒక్కడే ఉంటాడు. తన పెరట్లోంచే నేరుగా సరస్సులోకి ట్రక్కు దింపుకుంటాడు కాబట్టి మా దారితోనూ మా గేటుతోనూ అతనికి పని లేదు. సరస్సు మధ్యలో అతను వేసుకున్న చేపలు పట్టే గుడిసె మా కిటికీలోంచి పచ్చటి చుక్కలా కనిపిస్తుంది.

నేను ఐరన్ రేంజ్‌లో, ఇనప గనుల ఊళ్లో పుట్టినదాన్ని. అక్కడ కోపం వచ్చినా అరుస్తాం, ప్రేమ వచ్చినా అరుస్తాం. పెళ్లి చేసుకుని వచ్చిపడింది ఈ నార్వే సంతతి వాళ్ల మధ్యకి. వీళ్లు ఇల్లు తగలబడుతున్నా "కాస్త వెచ్చగా ఉన్నట్టుంది కదూ" అంటారు. సగం జీవితం ఇక్కడే గడిచినా ఈ నెమ్మది నాకు వంటబట్టలేదు, వంటబట్టాలని నేనూ పెద్దగా కోరుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, వెండెల్ కుక్క కథ వింటూ ఒకాయనకి డజను చేపలు వెయ్యాల్సింది రెండు డజన్లు వేశాను. ఆయన కిక్కురుమనకుండా పట్టుకుపోయాడు. ఇక చాలనుకున్నాను. ఈ పేజీని పరుగులు పెట్టించాలి, ఈ ఫోను నోరు మూయించాలి.

మా వెబ్‌సైటు ఉంచిన కంపెనీ వాళ్లని కంప్యూటర్లో పట్టుకున్నాను. అవతల టైపు చేస్తున్న మనిషి పేరు ట్రెంట్ అట. క్యాషింగ్ ప్లగిన్ పెట్టుకోండి, పేజీ కాపీని దాచిపెట్టి ఇస్తుంది, వేగం పెరుగుతుంది అన్నాడు. దాచిపెట్టడమేంటో, ఇవ్వడమేంటో అడిగితే నాలుగు పేరాలు పంపాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చివరికి నా దారిలో నేనే అర్థం చేసుకున్నాను. మా ఊరి ఫైర్ స్టేషనులో ఏటా పాన్‌కేక్ విందు పెడతారు. వచ్చినవాడికల్లా అప్పటికప్పుడు పిండి కలిపి వేస్తే లైను రోడ్డెక్కుతుంది. ముందే వేసి దొంతరగా పెట్టుకుని, వచ్చినవాడి పళ్లెంలో తీసి పడేస్తే లైను చకచకా కదులుతుంది. ఇదీ అంతే.

అర్థమైనంత తేలిగ్గా పని అయిందా? ప్లగిన్ తెరిస్తే లోపలంతా మీటలే. ఒకటి నొక్కితే, ఆర్డెన్ పెద్ద చేప పట్టుకున్న ఫొటో సాగిపోయి, చేప తాడులాగా ఆర్డెన్ నులక మంచంలాగా తయారయ్యారు. అది తీసేసి ఇంకోటి నొక్కితే మంచు పట్టిక మాయమైంది. దాన్ని వెతుకుతూ మరోటి నొక్కితే మొత్తం పేజీ తెల్లబడిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అప్పుడే కార్డు మిషను కూడా మొరాయించింది.

"పేజీ పోయింది" అని ట్రెంట్‌కి రాశాను.

"మా వైపు బాగానే కనిపిస్తోందండీ."

"మీ వైపు అంటే ఎటువైపు? నేనున్నది ఈ వైపు!"

"మా వైపు బాగానే ఉందండీ. ఇంకేమైనా సాయం చేయగలనా?"

మొదట ఏం చేశావని సాయం, ఇంకేమైనా చెయ్యడానికి? ఆర్డెన్ వెనకనుంచి వచ్చి నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"తిందామా, మిల్లీ?"

"పేజీ మొత్తం తెల్లబడి నేనేడుస్తుంటే నీకు తిండా?"

అతను కాసేపు చూశాడు. "తెల్లగా శుభ్రంగానే ఉంది" అన్నాడు.

చేతిలో వల ఉండబట్టి సరిపోయింది, బరమా ఉంటే ఏమయ్యేదో.

మీటలన్నీ ఆపి, మళ్లీ ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాను. తలప్రాణం తోకకొచ్చింది. చివర్లో అది ఒక ప్రశ్న అడిగింది: దాచిన కాపీని ఎంతకాలం ఉంచమంటారు? ఎక్కువకాలం ఉంచితే ఎక్కువ వేగం అని కింద రాసి ఉంది. నాకు కావాల్సింది వేగమే. అన్నిటికంటే పెద్దది ఎంచుకుని నొక్కాను.

పేజీ టక్కున తెరుచుకుంది. చక్రం లేదు, చుక్కలు లేవు. చేప చేపలాగే ఉంది, ఆర్డెన్ ఆర్డెన్‌లాగే ఉన్నాడు. పైన పచ్చటి అక్షరాల్లో 'పదహారు అంగుళాలు, ట్రక్కులు వెళ్లొచ్చు' అని మెరుస్తోంది. ఆ ఆనందంలో నా అంతట నేనే వెండెల్‌కి ఫోను చేశాను.

"వెండెల్, జేబు ఫోనులో నా పేజీ తెరిచి చూడు. చూశావా? ఎలా ఉంది?"

"అబ్బో. కళ్లు మూసి తెరిచేలోపు వచ్చేసింది."

"కదా! ఇక రోజూ నాకు ఫోను చెయ్యక్కర్లేదు."

"చెయ్యడానికి నాకేం ఇబ్బంది లేదు మిల్లీ."

"నాకుంది, వెండెల్! పొద్దున్నే కొట్లో ఊపిరాడదు. మంచు ఎంతుందో పేజీలో చూస్కో. ఆర్డెన్ కొలిచిందే అక్కడుంటుంది. నాకు పనుంటుంది."

అవతల కుక్క ఒకసారి మొరిగింది.

"సరే మరి" అన్నాడు.

ఈ ఊళ్లో 'సరే మరి'కి చాలా అర్థాలున్నాయి. ఆ రోజు నాకు అవన్నీ వెతికే తీరిక లేదు.

మర్నాటి నుంచి ఫోను మోగలేదు. వెండెల్‌దే కాదు, ఎవరిదీ. కాఫీ వేడిగా తాగాను. చేపలు సరిగ్గా లెక్కపెట్టాను. చలి గట్టిగానే ఉండటంతో మంచు పదహారు దగ్గరే నిలబడింది. ఆర్డెన్ రోజూ వచ్చి "అంతే" అనేవాడు. పట్టికలో తేదీ మారిస్తే నా పని అయిపోయేది. ఎప్పుడన్నా కిటికీలోంచి చూస్తే పచ్చచుక్క పక్కన వెండెల్ ఎర్ర ట్రక్కు నిలబడి ఉండేది. బాగానే ఉన్నాడులే అనుకునేదాన్ని.

మార్చి వచ్చింది. దక్షిణపు గాలి తిరిగింది. మంచు మీద వాన కురిసింది, ఆ వెనకే ఎండ కాసింది. ఒక పొద్దున ఆర్డెన్ మామూలుకంటే ముందే తిరిగొచ్చాడు. బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చాడు, అతనికి అది పెద్ద గొడవ చేసినట్టే లెక్క.

"మందం ఉంది, బలం లేదు. లోపలంతా గుల్లబారింది. బరమా వెన్నలో దిగినట్టు దిగిపోయింది. ట్రక్కులు ఆపేద్దాం. నడిచేవాళ్లు కూడా ఒడ్డు దగ్గరే ఉంటే మంచిది."

అతను గేటు మూయడానికి వెళ్లాడు. నేను పట్టిక తెరిచి, పచ్చ అక్షరాలు తీసేసి, ఎర్రగా, లావుగా రాశాను: 'దారి మూసేశాం. ట్రక్కులు దింపొద్దు.' పేజీ తెరిచి చూసుకున్నాను. కళ్లల్లో పొడిచేంత ఎర్రగా ఉంది. గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది.

కాసేపటికే గేటు ముందు ట్రక్కు ఆగింది. దాని వెనక ఇంకోటి. నాకు ఒళ్లు మండింది. చొక్కా మీద కోటు వేసుకుని బయటికెళ్లాను.

"మూసేశామని పేజీలో అంత లావున పెట్టాను కదా! చూసుకుని బయల్దేరొద్దా?"

మొదటాయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "చూసే బయల్దేరానండీ. నేనే సరిగ్గా చూసి ఉండను."

"మరి నువ్వో?"

రెండోవాడు మా పాత గిరాకీ. "పేజీ బాగుంది మిల్లీ. ఈమధ్య చాలా వేగంగా వస్తోంది. కాస్త వేరేగా ఉంది, అంతే."

"వేరేగా అంటే?"

"అబ్బే, ఏం లేదులే. మీ వీలునిబట్టి పెడతారు కదా."

ఇదీ వీళ్ల వరస. తప్పుని తప్పనరు, వేరే అంటారు. విసవిసా లోపలికొచ్చి మళ్లీ పేజీ చూశాను. ఎర్రగా ఉంది. తెల్లబడిన రోజు గుర్తొచ్చి ట్రెంట్‌ని పట్టుకుని, మా పేజీ నడుస్తోందా లేదా అని అడిగాను.

"మా వైపు చాలా వేగంగా తెరుచుకుంటోందండీ. అభినందనలు."

అభినందనలట! బయట ఇంకో ట్రక్కు వచ్చింది. జనానికి చదువు రాకుండా పోయిందా, కళ్లు పోయాయా అని నాలో నేనే తిట్టుకుంటుంటే ఆర్డెన్ లోపలికొచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"మిల్లీ, పేజీలో పదహారు అనే ఉండాలా?"

"ఏంటి?"

"గేటు దగ్గర ఆ చివరాయన తన ఫోనులో చూపించాడు. పదహారు, ట్రక్కులు వెళ్లొచ్చు అనుంది. మార్చడం మర్చిపోయావేమోలే అనుకున్నాను. పర్లేదు."

"నేను మర్చిపోవడమేంటి! చూడు, ఇదిగో!" కంప్యూటరు తెర అతనివైపు తిప్పాను. ఎర్రగా ఉంది. అతను తన ఫోనులో, ఎన్నడూ తెరవనివాడు, మా పేజీ తెరిచి దాని పక్కన పెట్టాడు. టక్కున వచ్చింది. పచ్చగా వచ్చింది. ఫిబ్రవరి తేదీతో, పదహారు అంగుళాలతో, నిన్నో మొన్నో వేసిన పాన్‌కేక్ లాగా.

అప్పుడు బుర్రకెక్కింది. నేను యజమానిని, పాస్‌వర్డుతో తాళం తీసి లోపలికెళ్లినదాన్ని. నాకు ఎప్పటికప్పుడు వేడిగా వేసి పెడుతోంది. ఊరందరికీ మాత్రం దొంతరలోంచే తీసి ఇస్తోంది. పట్టిక వేరు, పేజీ వేరు. పట్టికలో అక్షరాలు మారినా దాచిన కాపీని పారెయ్యాలని దానికి తెలియదు. ఎంతకాలం ఉంచమంటారని అడిగితే అన్నిటికంటే పెద్దది నొక్కింది నేనే.

"వెండెల్" అన్నాను.

ఆర్డెన్ అప్పటికే బయటికి పరుగెత్తాడు.

వెండెల్ ఇంటికి ఫోను చేశాను. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. జేబు ఫోనుకి చేస్తే సరస్సు మీద సిగ్నలు లేదు. దాచిన కాపీలన్నీ పారేసే మీట పైన ఎడమ మూలనే, మొదటి రోజు నుంచీ నా కళ్లెదుటే ఉంది. దాన్ని వేలు విరిగేలా నొక్కి, దూరదర్శిని లాక్కుని ఒడ్డుకి పరుగెత్తాను.

ఎర్ర ట్రక్కు అప్పుడే పచ్చచుక్క వైపు వస్తోంది. నెమ్మదిగా, పాల డబ్బాలు ఒలక్కుండా తోలే మనిషి ఎలా తోలుతాడో అలాగే వస్తోంది. నేను చేతులూపాను. అరిచాను. రేంజ్‌లో పుట్టిన నా గొంతు గనిలోకి కూడా వినిపిస్తుందనేవారు, ఆ గాలిలో నాకే వినిపించలేదు.

మొదట ట్రక్కు వెనక భాగం కుంగింది. చప్పుడు తర్వాత వచ్చింది, ఎవరో పెద్ద తలుపు మూసినట్టు. ట్రక్కు ముక్కు పైకి లేచింది. ఈ పాతకాలపు వాళ్లు, మంచు విరిగితే దూకడానికి వీలుగా, సరస్సు మీద బెల్టు పెట్టుకోరు, తలుపు కూడా మూయరు. ఆ తెరిచిన తలుపులోంచి ఒక నల్లటి ఆకారం జారి కింద పడింది. పడి, పాక్కుంటూ కొంచెం దూరం పోయింది. ఆ తర్వాత కదల్లేదు.

ఆర్డెన్, గేటు దగ్గర వెనక్కి తిప్పిన ఇద్దరూ కలిసి మా అడుగు చదునైన చిన్న పడవని మంచు మీద తోసుకుంటూ వెళ్లారు. పడవ అంచులు పట్టుకుని నడవడం, మంచు మూలిగితే పడవలోకి దూకడం, మళ్లీ దిగడం. నేను ఒడ్డున నిలబడి అందర్నీ తిట్టాను. ట్రెంట్‌ని తిట్టాను, ప్లగిన్‌ని తిట్టాను, 'కాస్త వేరేగా ఉంది' అన్నవాణ్ణి తిట్టాను. వాడే ఇప్పుడు ఆ పడవ తోస్తున్నాడని గుర్తొచ్చాక కూడా తిట్టాను. దూరదర్శినిలో ఆ నల్లటి ఆకారం మెల్లగా లేచి కూర్చున్నప్పుడు గానీ నా తిట్లు ఆగలేదు.

వెండెల్‌ని మా కొట్లో హీటరు ముందు కూర్చోబెట్టాం. నడుం దాకా తడిసిపోయాడు. ఆర్డెన్ ప్యాంటు అతనికి పొట్టిదై చీలమండలు బయటికొచ్చాయి. రెండు దుప్పట్లు కప్పి, చేతుల్లో కాఫీ కప్పు పెట్టాను. అతని వేళ్లు కప్పు చుట్టూ బిగిసేదాకా నేను నోరు పట్టుకుని ఉండగలిగాను. ఆ తర్వాత నావల్ల కాలేదు.

"నీకు బుద్ధుందా అసలు? వాన పడింది, ఎండ కాసింది! దిగేముందు ఒక్క ఫోను చెయ్యాలని తోచలేదా?"

అనేశాక నాకే వినిపించింది. ఆర్డెన్ నేలకేసి చూశాడు.

వెండెల్ కాఫీ ఊదుకున్నాడు. "చెయ్యొద్దన్నావు కదా మిల్లీ. పనుంటుందన్నావు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, నాకు అలవాటే. రోడ్డు మీద మలుపు ఎటో చెప్పినట్టు చెప్పాడు.

"నాకూ కాస్త అనుమానంగానే ఉండింది. అందుకే రెండుసార్లు చూశాను. రెండుసార్లూ పదహారే." ఒక గుక్క తాగాడు. నా మొహం చూసి పాపం ఏదైనా మంచిమాట అనాలనిపించినట్టుంది. "పేజీ మాత్రం టక్కున వచ్చింది, మిల్లీ. చాలా బాగా చేశావు."

నేను తొట్టి దగ్గరికి వెళ్లి, అక్కడ ఏ పనీ లేకపోయినా వలతో నీళ్లు కలియబెడుతూ నిలబడ్డాను. కళ్లల్లో నీళ్లు ఆగలేదు. గాలి పంపు చప్పుడుకి ఎవరికీ ఏమీ వినిపించలేదు.

సాయంత్రం ఆ ప్లగిన్‌ని పీకేశాను. తీసెయ్యాలా అని మూడు రకాలుగా అడిగింది. మూడుసార్లూ అవునన్నాను. పేజీ మళ్లీ నత్తలా నడిచింది, చక్రం మళ్లీ తిరిగింది.

మర్నాడు పొద్దున ఆర్డెన్ ఒడ్డు దగ్గరే కొలిచి వచ్చాడు. కాఫీ దిగింది. ఫోను మోగలేదు. కాసేపు దానికేసి చూశాను. కొట్లో ఒకాయన నిలబడి ఉన్నాడు, ఇప్పుడు నడిచి చేపలు పట్టే కొద్దిమందిలో ఒకడు. నేను ఫోను తీసి వెండెల్ నంబరు నొక్కాను. చాలాసేపటికి ఎత్తాడు.

"వెండెల్, మంచు..."

"ఇప్పుడు నాకు పనుంది మిల్లీ" అన్నాడు. "పేజీలో చూస్కుంటాలే."

అవతల కుక్క మొరిగింది. ఆ తర్వాత దగ్గులాంటిది వినిపించింది. అది దగ్గు కాదు, నవ్వని తెలియడానికి నాకు కొంచెం టైం పట్టింది.

"ముసలాయనా, నీ పని చెప్తా ఉండు" అన్నాను. "ఒడ్డు దగ్గరే పట్టుమని పది అంగుళాలు లేవు. దిగొద్దు."

"దేన్ని దింపను, ట్రక్కు సరస్సు అడుగున ఉంటే?" అన్నాడు. "ఆర్డెన్ కొలిచాడా, నువ్వే చెప్తున్నావా?"

"ఆర్డెనే కొలిచాడు."

"అయితే సరే. గాలి ఎటునుంచి?"

కొట్లో నిలబడ్డాయన చిన్నగా దగ్గాడు, తొందరేం లేదన్నట్టు. ఉండమని అతనికి చెయ్యి చూపించి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"దక్షిణం నుంచే" అన్నాను. "కుక్క ఎలా ఉంది?"